మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉష్ణోగ్రత కొలతకు ఏ బోర్డు నిలబడింది?

గుంటూరులో ఎండు మిర్చి నిల్వ చేసే ఒక కోల్డ్ స్టోరేజీ కోసం, గదుల ఉష్ణోగ్రతను రాత్రింబవళ్లు నమోదు చేసే పరికరం తయారు చేస్తూ ఈఎస్‌పీ32, ఆర్డుయినో ఊనో, రాస్ప్‌బెర్రీ పై పికో అనే ప్రోగ్రాము రాసి నడిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులను వాడి చూశాను. మూడింటికీ ఎల్ఎం35 అనే ఉష్ణోగ్రత సెన్సరునే కలిపాను. అది డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది కనుక, 5 డిగ్రీల గదిలో బోర్డుకు అందేది 50 మిల్లీవోల్టులే. బోర్డు ఎంపికను తేల్చేది ఈ చిన్న అంకే తప్ప, పెట్టె మీద రాసిన బిట్ల సంఖ్య (కొలతను ఎన్ని మెట్లుగా విడదీస్తుందో చెప్పేది) కాదు.

వైఫై ఉంది, 12 బిట్ల ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) ఉంది కదా అని మొదట ఈఎస్‌పీ32 తీసుకున్నాను. ఇంట్లో బల్ల మీద 32 డిగ్రీలను చక్కగా చూపిన ఆ బోర్డు, చల్లని గదిలో పెట్టగానే సున్నాకు పడిపోయి అక్కడే ఉండిపోయింది. ఆ చిప్పు నమ్మకంగా కొలిచే అతి తక్కువ పరిధి సుమారు 100 నుంచి 950 మిల్లీవోల్టుల వరకేనని దాని పత్రాల్లోనే ఉంది. వైఫై నడుస్తున్నప్పుడు ఏడీసీ2 (ఆ చిప్పులోని రెండో ఏడీసీ) పిన్నులతో కొలతలు తీసుకోలేమన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఊనోది 10 బిట్లే. అయినా 5 వోల్టుల రిఫరెన్సు (కొలతకు ప్రమాణంగా తీసుకునే వోల్టేజీ) బదులు లోపలి 1.1 వోల్టుల రిఫరెన్సు పెడితే ఒక్కో మెట్టు డిగ్రీలో పదో వంతుకు దిగుతుంది. ఆ 1.1 అన్నది చిప్పును బట్టి 1.0 నుంచి 1.2 వరకు మారవచ్చు కాబట్టి, ఆ రిఫరెన్సు బయటకు అందే ఏఆర్ఈఎఫ్ పిన్ను దగ్గర మల్టీమీటరుతో కొలిచి, వచ్చిన విలువనే ప్రోగ్రాములో రాయాలి. వైఫై లేకుండా తీగతో సరిపెట్టుకునేవారికి ఇది చాలు.

నేను చివరకు ఈఎస్‌పీ32ను వైఫై కోసం ఉంచుకుని, కొలిచే పనిని ఏడీఎస్1115 అనే 16 బిట్ల చిప్పుకు అప్పగించాను. దాని 0.256 వోల్టుల పరిధి 25 డిగ్రీలు దాటగానే నిండిపోతుంది; కరెంటు పోయిన రోజు కొలత ఆగిపోకూడదని 0.512 వోల్టుల పరిధి పెట్టాను. ఎంత సన్నగా కొలిచినా సెన్సరు సొంత తేడా పోదు కనుక, మంచి థర్మామీటరును పక్కన పెట్టి సరిచూసుకోవడం తప్పనిసరి.

ఇక పికో విషయానికొస్తే, దాని రిఫరెన్సు బోర్డు మీది స్విచింగ్ రెగ్యులేటరు (వేగంగా ఆన్, ఆఫ్ అవుతూ వోల్టేజీని సర్దే భాగం) నుంచి వస్తుంది కాబట్టి ఇంత చిన్న వోల్టేజీల దగ్గర అంకెలు ఊగుతాయి. కానీ కంప్రెసర్ మోటారు కరెంటు తరంగాన్ని చూడాలంటే, సెకనుకు 860 కొలతలకు మించని ఏడీఎస్1115 ఒక్కో 50 హెర్ట్‌జ్ ఆవృత్తానికి 17 బిందువులే ఇస్తుంది; సెకనుకు 5 లక్షల కొలతలు తీసే పికోను ఆ పనికి పెట్టాను.