తరగతి గదిలో బ్లాగు: కొన్నేళ్ల వాడకం తరువాత

టంగుటూరు పరిసరాల్లోని ఒక ఉన్నత పాఠశాలలో ఎనిమిది, తొమ్మిది తరగతులకు తెలుగు బోధిస్తూ, విద్యార్థుల రచనల కోసం గూగుల్ వారి బ్లాగర్ సేవలో ఒక ఉచిత బ్లాగును కొన్నేళ్లుగా నడుపుతున్నాను. వ్యాసరచన నేర్పడానికి ఇది నోటుపుస్తకం కన్నా మేలైన సాధనమని నా అభిప్రాయం. అయితే ఆ మేలు కంప్యూటరు వల్ల కలిగినది కాదు. దిద్ది మార్కులు వేసే ఉపాధ్యాయుడు కాక, విషయం తెలిసిన మరొక పాఠకుడు పిల్లలకు దొరకడం వల్ల కలిగినది.

తొమ్మిదో తరగతి విద్యార్థిని ఒకరు పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఎండగట్టే గది) గురించి రాస్తూ, ‘ఆకును బాగా వేడిచేసి ఎండబెడతారు’ అని ఒక్క వాక్యంతో ముగించింది. వాక్యంలో అక్షరదోషం లేదు కనుక నోటుపుస్తకంలోనైతే దాని మీద ఎర్ర సిరా పడేది కాదు. ఊళ్లోని ఒక రైతు అది చదివి, మొదట తక్కువ వేడిలో ఆకు పసుపు తిరగాలనీ, ఆ తరువాతే వేడి పెంచుతూ ఆకునూ చివరకు ఈనెనూ ఎండగట్టాలనీ, తొందరపడి ముందే మంట పెంచితే ఆకు పచ్చగానే ఎండిపోయి వేలంలో ధర పలకదనీ వ్యాఖ్య రాశారు. ఆ అమ్మాయి ఇంట్లో తాతగారిని అడిగి, రాత్రిళ్లు లేచి ఉష్ణమాపకం చూసుకోవడం దగ్గర నుంచి మొత్తం తిరగరాసింది. ‘వివరంగా రాయమ్మా’ అని నేను ఎన్నిసార్లు చెప్పినా రాని వివరం ఒక్క వ్యాఖ్యతో వచ్చింది.

టైపింగు విషయంలో, తెలుగు అక్షరాలకు నేరుగా మీటలు ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డునే నేర్పమని సలహా ఇస్తాను. ఆంగ్ల అక్షరాలతో కొట్టే పద్ధతి త్వరగా అలవాటవుతుంది గానీ, ల-ళ, న-ణ తేడాలను పిల్లలు ఆంగ్లంలోని చిన్నబడి, పెద్దబడి అక్షరాలుగా (స్మాల్, క్యాపిటల్) గుర్తుంచుకుంటారు తప్ప ధ్వనులుగా కాదు. డీటీపీ కేంద్రంలో అను ఫాంట్లతో కొట్టించిన పాత సామగ్రిని నేరుగా అతికిస్తే అర్థంలేని గుర్తులే కనిపిస్తాయి. ముందుగా, అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదవగల యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

లోపాలు లేకపోలేదు. మేము వాడే సేవ తెలుగు శీర్షికను వెబ్ చిరునామాలోకి తీసుకోదు, అందుచేత ప్రతి టపాకూ (బ్లాగులో పెట్టే ఒక్కో రచనకూ) ఆంగ్ల అక్షరాలతో చిరునామాను ముందే రాసుకోవాలి. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఏమిటంటే, టపాను దిద్దగానే పాత ప్రతి మాయమవుతుంది. వర్డ్‌ప్రెస్ అనే మరో బ్లాగు సేవ అయితే పాత ప్రతులను దాచి ఉంచుతుంది. రచన ఎలా మెరుగుపడిందో చూపించడమే మా ఉద్దేశం కనుక, తొలి ప్రతిని కాగితం మీదే రాయించి భద్రపరుస్తున్నాను. కొత్త టపా పైకి వచ్చే అమరిక పాఠ్యక్రమానికి ఏమాత్రం పనికిరాదు. నోట్సు ఇవ్వడానికీ, ఇంటిపని సేకరించడానికీ బ్లాగును వాడవద్దు. పదో తరగతి పబ్లిక్ పరీక్ష కలంతో కాగితం మీద రాయవలసినదే కనుక, ఆ తరగతిని దీని జోలికి తీసుకురాలేదు.

పిల్లల గోప్యత విషయంలో మాత్రం పట్టుదలగా ఉండాలి. గూగుల్ సొంత ఖాతాకు మన దేశంలో 13 ఏళ్లు నిండాలి. డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం, 2023 ప్రకారం 18 ఏళ్లు నిండనివారందరూ బాలలే, వారి సమాచారాన్ని వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. అందువల్ల ఖాతా ఉపాధ్యాయుడిదే. విద్యార్థి పూర్తి పేరు, ఫొటో, ఊరు పెట్టము. ప్రతి వ్యాఖ్యా నేను చూశాకే బయటికి వస్తుంది. దీనికి రోజూ కొంత సమయం పోతుంది, సెలవుల్లో కూడా. ఆ ఓపిక లేనివారు దీన్ని మొదలుపెట్టకపోవడమే మంచిది.

విద్యా సంవత్సరం చివర తీసుకునే బ్యాకప్ ఫైలులో టపాలూ వ్యాఖ్యలూ వస్తాయి గానీ చిత్రాలకు లంకెలు మాత్రమే ఉంటాయి, కాబట్టి వాటిని వేరే పెన్‌డ్రైవులో దాచుకోవాలి.