పాత ఇంటి మరమ్మతు: గోడల పని మెచ్చదగింది, బిల్లుల పని కాదు

అద్దెకు ఇచ్చే ఉద్దేశంతో కాచిగూడలో కొన్న నిజాం కాలపు ఇంటిని, పాత కట్టడాల మరమ్మతులు మాత్రమే చేసే ఒక నగర సంస్థకు అప్పగించాము. పని పూర్తయ్యాక ఒక వానాకాలం కూడా గడిచింది కాబట్టి ఇప్పుడు అభిప్రాయం చెప్పవచ్చు.

గోడల విషయంలో వీరికి వంక పెట్టలేము. అంతకుముందు వచ్చి చూసిన కాంట్రాక్టర్లందరూ పెచ్చులూడిన పూతను చెక్కేసి సిమెంటు కొట్టేద్దామన్నవారే. డంగు సున్నంతో కట్టిన గోడ నేలలోని చెమ్మను పీల్చుకుని, సున్నపు పూత గుండా బయటికి వదులుతుంది. పైన సిమెంటు వేస్తే ఆ దారి మూసుకుపోయి, లోపల పేరుకున్న ఉప్పు ఇటుకనే పొడిగా రాల్చేస్తుంది. ఈ సంస్థ మేస్త్రి గోడ అడుగున వేలితో గీకి, రాలిన తెల్లటి పొడిని మాకు చూపించి, పాత యజమానులెవరో మోకాలి ఎత్తు వరకు వేయించిన సిమెంటును ముందుగా తీయించారు. ఆ తరువాత నానబెట్టిన సున్నం, ఇసుక, ఇటుక పొడిని కరక్కాయ, బెల్లం నీళ్లతో కలిపి పొరలు పొరలుగా పూయించారు. ఒక పొర ఆరితే గాని మరో పొర వేయరు కాబట్టి పని చాలా కాలం సాగుతుంది, కిరాయి రాని ఆ నెలలను కూడా పెట్టుబడిలో కలుపుకోవలసిందే. అయితే ఇన్ని వానలు కురిసినా గోడ మీద చెమ్మ మరక కనబడలేదు.

మద్రాసు టెర్రస్ కప్పులో (చెక్క దూలాల మీద ఇటుకలు పేర్చి సున్నంతో కట్టే పాతకాలపు కప్పు) చెదలు తిన్న టేకు దూలాలను మాత్రమే మార్చి, గట్టిగా ఉన్నవాటిని అలాగే ఉంచారు. స్నానాల గదుల పని మాత్రం నాసిరకం. నీరు జాలీ వైపు కాకుండా గుమ్మం వైపు పారడంతో టైల్స్ మళ్లీ తీయించవలసి వచ్చింది. ఆ పనిని వేరే వారికి ఇవ్వడమే మేలు.

అసలు చిక్కు బిల్లుల దగ్గర వచ్చింది. అద్దె ఆదాయంపై పన్ను లెక్కలో, చెల్లించిన ఆస్తి పన్ను పోగా మిగిలిన మొత్తంలో 30 శాతాన్ని తగ్గిస్తారు. మరమ్మతుకు నిజంగా ఎంత ఖర్చయిందన్న దానితో నిమిత్తం లేదు. కొత్తగా కట్టించిన స్నానాల గది వంటి, ఇంటిని మెరుగుపరిచే ఖర్చును మాత్రం అమ్మేనాడు మూలధన లాభం (అమ్మకంలో వచ్చే లాభం) లెక్కలో ఖర్చుగా చూపవచ్చు. అందువల్ల మరమ్మతు వేరుగా, కొత్త కట్టడం వేరుగా బిల్లులు కావాలని ఒప్పందంలోనే రాయించాము. వీరు ఇచ్చినది అన్నీ కలిపిన ఒకే బిల్లు. వీరికి పని ఇవ్వదలచినవారు, విడివిడి బిల్లులు చేతికి వచ్చేదాకా చివరి వాయిదా చెల్లించవద్దని నా సలహా.