పాత ఓమ్ని వ్యానులో స్లో నిలవకపోవడం: మరమ్మతు తరవాత కొన్నేళ్ల వాడకంపై సమీక్ష

కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే భాగం) ఉన్న పాత మారుతీ ఓమ్ని ఆగి ఉన్నప్పుడు వణుకుతోందనగానే, అంటే స్లో (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) నిలవడం లేదనగానే, మనలో చాలామంది ముందు కార్బొరేటర్‌నే విప్పిస్తారు. విప్పవలసిన వరుసలో దాని స్థానం చివరిదని, అంతకంటే ముందు చూడవలసినవి రబ్బరు పైపులు, మానిఫోల్డ్ (కార్బొరేటర్ నుంచి సిలిండర్లకు దారి ఇచ్చే గొట్టాలు) ప్యాకింగ్, ట్యాపెట్లు (వాల్వులను నొక్కి తెరిచేవి) అని మా 1993 నాటి బండిని బాగుచేయించి కొన్నేళ్లుగా నడిపిన అనుభవంతో నేను తేల్చుకున్నాను. కడియం నర్సరీల నుంచి మొక్కలు, కుండీలు రాజమహేంద్రవరం చేర్చడానికే ఈ బండి ఎక్కువగా తిరుగుతుంది కాబట్టి, ఇంజిన్ ఆపకుండా నిలబడి ఉండవలసిన సందర్భాలు దీనికి చాలానే ఉంటాయి.

1984లో మారుతీ వ్యానుగా వచ్చి, తరవాత ఓమ్ని పేరుతో 2019 వరకు తయారైన ఈ బండిలో ఉన్నది 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్. మూడు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంకు 240 డిగ్రీలు తిరిగిన ప్రతిసారీ ఒక సిలిండర్ మండుతుంది. అంటే స్లోలో నిమిషానికి 900 చుట్లు తిరుగుతున్నప్పుడు సెకనుకు ఇరవై రెండు మూడు మంటలు పడతాయి. వాటిలో ఒక సిలిండర్ మిస్సింగ్ కొడితే, అంటే తన వంతుకు మండకపోతే, మూడో వంతు శక్తి పోతుంది, నాలుగు సిలిండర్ల కారులో అయితే పోయేది పావు వంతే. పైగా ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉండడం వల్ల ఆ కుదుపంతా నేరుగా డ్రైవరు నడుముకు తగులుతుంది. ఎంత బాగుచేసినా ఈ ఇంజిన్‌లో కొంత సహజమైన అదురు మిగులుతుందని కొత్తగా కొనేవారు ముందే తెలుసుకోవడం మంచిది.

మా బండి లక్షణాలు ఇవి. పొద్దున చోక్ లాగి స్టార్ట్ చేస్తే సాఫీగానే ఉండేది. వేడెక్కి చోక్ లోపలికి నెట్టగానే స్లో పడిపోయి, స్టీరింగ్ వణికి, రాత్రిపూట హెడ్‌లైట్లు వేసిన మరుక్షణమే ఆగిపోయేది. అప్పటికి ఒక వర్క్‌షాపులో స్లో స్క్రూ బిగించి చుట్లు పెంచి పంపించారు. దానివల్ల బండి ఆగకపోయినా, గేరు వేసినప్పుడల్లా దబ్బున కుదపడం, సీటు కింద వేడి పెరగడం, పెట్రోలు మరింత తాగడం మొదలయ్యాయి. స్లో స్క్రూ అన్నది బాగున్న ఇంజిన్‌ను చివరిలో సర్దడానికే తప్ప రోగాన్ని దాచిపెట్టడానికి కాదు.

చోక్ ఉన్నంతసేపూ బాగుండి, తీసేయగానే మిస్సింగ్ వస్తే ఇంజిన్‌కు పెట్రోలుకు మించి గాలి అందుతోందని అర్థం; చోక్ అదనంగా ఇచ్చే పెట్రోలే ఆ లోటును అప్పటిదాకా కప్పిపుచ్చుతుంది. కనుక మేము సైలెన్సర్ దగ్గర మొదలుపెట్టాం. గొట్టానికి నాలుగు వేళ్ల దూరంలో అరచేయి పెడితే పొగ తోపు ఒకే లయలో తగలాలి. మధ్యలో ఒక దెబ్బ తప్పిపోయినట్టు క్రమం తప్పకుండా ఖాళీ వస్తుంటే ఒక సిలిండర్‌దే తప్పు, ఎప్పుడో ఒకసారి ఇష్టం వచ్చినట్టు వస్తుంటే అన్నిటికీ కలిసిన కారణం ఏదో ఉంది. మా బండిలో రెండూ కలగలిసి ఉన్నాయి. తరవాత రబ్బరు పిడి ఉన్న పట్టకారుతో ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే తీసి, ఊడిన కొసను బాడీకి ఆనించి చూస్తే, మొదటి రెండింటికీ ఇంజిన్ వెంటనే కుంగింది, మూడోదానికి మాత్రం పెద్దగా తేడా రాలేదు. ప్లగ్గులు విప్పితే రెండింటి కొనలు లేత గోధుమ రంగులో ఉండగా మూడోది సుద్దముక్కలా తెల్లగా తేలింది. గాలి ఎక్కువై మండిన ప్లగ్గు అలాగే ఉంటుంది.

మానిఫోల్డ్ సిలిండర్ హెడ్‌కు కలిసేచోట సబ్బు నీళ్లు చుక్కలు చుక్కలుగా వేస్తే, మూడో సిలిండర్ వైపు నీళ్లు బుడగ కట్టకుండా లోపలికి పీల్చుకుపోయి, ఆ రెండు మూడు క్షణాలూ ఇంజిన్ స్వరం మారింది. ఈ పరీక్షకు కొందరు పెట్రోలు చల్లుతారు. సీట్ల కింద మూసిన అరలో వేడి ఇంజిన్ ఉన్న ఈ బండిలో ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. ఇక రెండో లోపం ట్యాపెట్ కవరు నుంచి ఇంజిన్ లోపలి ఆవిర్లను బయటికి తెచ్చే బ్రీదర్ పైపులో దొరికింది. పైనుంచి చూస్తే పైపు నిగనిగలాడుతూనే ఉంది కానీ, వంపు కింద వేలు పోనిస్తే గోరంత పొడవున పగులు తగిలింది. ఆ పగులును వేలితో నొక్కి పట్టుకోగానే ఇంజిన్ కుదుటపడింది, వదలగానే మళ్లీ తడబడింది. గాలి ఆడని ఆ అరలో రబ్బరు ఏళ్ల తరబడి ఉడికి గట్టిపడుతుంది కాబట్టి ఈ వయసు బండిలో ఒక పైపు పగిలిందంటే మిగతావీ వరుసలో ఉన్నట్టే. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే భాగం) వాక్యూమ్ పైపుతో సహా అన్నీ ఒకేసారి మార్పించాం, మానిఫోల్డ్‌కు కొత్త ప్యాకింగ్ వేయించాం.

ఆ తరవాత వంతు ట్యాపెట్లది. టకటక చప్పుడు లేదు కదా అని వీటిని పట్టించుకోనివారే ఎక్కువ. నిజానికి వదులైన ట్యాపెట్ చప్పుడు చేసి తన సంగతి తానే చెబుతుంది. వాల్వు అరిగి తాను ఆనే అంచులోకి దిగేకొద్దీ వాల్వుకూ తనకూ మధ్య గ్యాపు తగ్గిపోయిన ట్యాపెట్ మాత్రం నిశ్శబ్దంగా ఉంటూనే వాల్వును పూర్తిగా మూసుకోనివ్వదు, కంప్రెషన్ జారిపోతుంది, వాల్వు కాలిపోతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఫీలర్ గేజితో (సందును కొలిచే సన్నని రేకులతో) సుమారు 0.15 మిల్లీమీటర్లకు అన్నిటినీ సరిచేయించాం. మానిఫోల్డ్‌కు వాక్యూమ్ గేజి (లోపలి పీల్పును కొలిచే మీటరు) తగిలించి చూడగలిగితే ఇంకా మంచిది. సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న మా ప్రాంతంలో ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ స్లోలో 17 నుంచి 21 అంగుళాల పాదరసం మధ్య ముల్లును కదలకుండా నిలబెట్టాలి. ముల్లు లయబద్ధంగా కొట్టుకుంటే వాల్వుల మీద, కదలకుండా తక్కువలోనే నిలిచిపోతే గాలి కారడం మీద, లేదా టైమింగ్ (ప్లగ్గు మెరిసే వేళ) వెనకబడడం మీద అనుమానం పెట్టుకోవచ్చు. పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటును కలిపి తెంచే స్విచ్చు), దాని పక్కనుండే కండెన్సర్, ప్లగ్గులు ఎలాగూ మార్చేవే కనుక వాటి గురించి విస్తరించను.

ఇవన్నీ అయ్యాకే కార్బొరేటర్ మీదికి వెళ్లాం, అదీ 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు (ఇ20) వల్ల. మామూలు పెట్రోలు ఒక పాలు పూర్తిగా మండడానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి ఇ20కి సుమారు 13.5 పాళ్లు చాలు. కొత్త బండ్లలో సెన్సర్ ఈ తేడాను కనిపెట్టి సర్దుకుంటుంది, 1993 నాటి కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు. దాంతో గాలి ఎక్కడా కారకపోయినా మిశ్రమంలో పెట్రోలు పాలు చాలక స్లో కొద్దిగా ఊగుతుంది. స్లోలో పెట్రోలు పాలును సర్దే మిక్చర్ స్క్రూను చెవితో సర్దడం కంటే పొల్యూషన్ చెకింగ్ యంత్రం గొట్టంలో ఉండగానే సర్దించడం నాకు చాలా బాగా పనిచేసింది. మా బండిలాంటి ఆ కాలపు పాత పెట్రోలు కార్లకు స్లోలో కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 3 శాతం. రెండు శాతం చుట్టుపక్కల మా ఇంజిన్ అత్యంత నిలకడగా తిరిగింది. అయితే ఈ స్క్రూ స్లోను మాత్రమే సరిచేస్తుంది, పరుగులో ఉన్నప్పుడు పెట్రోలు ఇచ్చేది మెయిన్ జెట్.

కొన్నేళ్లు గడిచాక చూస్తే, పైపులకు, ప్యాకింగ్‌కు, ట్యాపెట్లకు పెట్టిన ఖర్చు పూర్తిగా సార్థకమైంది. హెడ్‌లైట్లు, వైపర్లు కలిపి వేసినా స్లో కాస్త తగ్గి మళ్లీ నిలదొక్కుకుంటుంది, ట్యాపెట్లు మాత్రం అప్పుడప్పుడు చూడవలసి వస్తోంది. చవక రకం కార్బొరేటర్ కిట్‌లోని డయాఫ్రమ్‌లు (సన్నని రబ్బరు పొరలు) ఇథనాల్‌కు ఉబ్బి త్వరగానే పాడయ్యాయి. విడిగా మంచివి వెతికి వేయించుకోవలసి వచ్చింది. ఇంజిన్ మౌంటింగుల (ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మెల) మార్పును మాత్రం మిస్సింగ్ పూర్తిగా పోయాకే చేయించాలని నా అభిప్రాయం, ఎందుకంటే కొత్త మెత్తటి మౌంటింగులు కుదుపును మింగేసి అసలు లోపాన్ని కనపడనివ్వవు. మారుతీ 800 ఇంజిన్‌కూ దీనికీ చాలా భాగాలు కలుస్తాయి కాబట్టి విజయవాడ ఆటోనగర్‌లో వెతికే ఓపిక ఉంటే సామాను ఇంకా దొరుకుతోంది.

ఇప్పటికీ తీరనిది డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ బుష్ (షాఫ్ట్ లోపల తిరిగే లోహపు గొట్టం) అరుగుదల. షాఫ్ట్‌ను వేళ్లతో పక్కకు కదిపితే ఆట (వదులు) తెలుస్తుంది, ఆ ఆటకు తగ్గట్టే పాయింట్ల గ్యాపు మారిపోయి, బాగా వేడెక్కినప్పుడు స్లో ఒక్కోసారి తడబడుతుంది. లేత్ పనివాడితో కొత్త బుష్ కొట్టించడమా, ఆట లేని పాత డిస్ట్రిబ్యూటర్ వెతికి బిగించడమా అన్నది ఇంకా తేలలేదు. అప్పటిదాకా పాయింట్లను తరచుగా చూసుకుంటూ నడుపుతున్నాను.