పద్యం ఎలా చదివించాలో నేర్పే ఆన్‌లైన్ కోర్సు: మొదటి సగం కోసమైనా చేరండి

హైస్కూల్లో తెలుగు చెప్తాను. పద్యపాఠం అంటే మనలో చాలామందికి ఒక వరస అలవాటైపోయింది. రాగం తీసి చదవడం, ప్రతిపదార్థం రాయించడం, భావం చెప్పడం, అలంకారం పేరు చెప్పి పాఠం ముగించడం. పిల్లలు ఆ భావాన్ని కంఠతా పట్టి పరీక్షలో దించేస్తారు. ఎప్పుడూ చూడని పద్యం ఇస్తే మాత్రం పెన్ను కదలదు. కవితను పిల్లల చేతే విశ్లేషింపజేయడం ఎలాగో టీచర్లకు నేర్పే ఈ కోర్సులో నేను చేరింది అందుకే. చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మొదటి సగం నిజంగా చాలా బాగుంది. అందులో చెప్పే ముఖ్యమైన సంగతి ఒకటే: అర్థం మీరు చెప్పకండి, ముందు ఏం కనబడిందో అడగండి. పద్యం ఒకసారి టీచరు, ఇంకోసారి ఒక విద్యార్థి పైకి చదవాలి. తర్వాత అందరూ పెన్సిలు తీసుకుని, దృష్టి ఆగిన ప్రతిచోటా గీత గీయాలి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు? ఏ మాట మళ్లీ వచ్చింది? ఎక్కడ మలుపు తిరిగింది? ఒక మాట తీసేసి ఇంకోటి పెడితే ఏం పోతుంది? ఈ ప్రశ్నలు అయ్యేదాకా 'దీని భావం ఏమిటి' అన్న మాటే ఎత్తకూడదు.

మా క్లాసులో వేమన పద్యంతో ఇది చేసి చూశాను. అందరికీ నోటికి వచ్చిన పద్యమే:

ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు
చూడ చూడ రుచుల జాడ వేరు

'చూడ' రెండుసార్లు ఎందుకు వచ్చిందని అడిగాను. "ఒక్కసారి చూస్తే తేడా తెలియదు కాబట్టి" అన్నారు కొందరు. అంతలో వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి, "టీచర్, రుచి కూడా చూస్తామనే అంటాం కదా. కంటితో చూస్తే రెండూ ఒకటే, నాలుకతో చూస్తేనే వేరు" అంది. ఆ మాటకు క్లాసంతా పుస్తకంలోకి వంగి ఆ పాదం మళ్లీ చదివింది. ఏ గైడు భావంలోనూ నాకు ఈ మాట కనబడలేదు. ఈ ఒక్క గంటకే కోర్సు ఫీజు గిట్టుబాటైందనిపించింది.

ఇబ్బందంతా రెండో సగంతోనే. గమనించడం అయ్యాక వ్యాఖ్యానం దగ్గరికి వచ్చేసరికి 'ఎవరి అర్థం వాళ్లది, అన్నీ సరైనవే' అని వదిలేశారు. క్లాసులో ఇది నిలబడదు. అదే పద్యం మూడో పాదంలో 'పురుషులందు పుణ్యపురుషులు వేరయా' అని ఉంది. ఒకబ్బాయి ఉప్పంటే చెడ్డవాళ్లు అన్నాడు. ఇంకొకడు, ఉప్పు లేకుండా పూట గడవదు కాబట్టి అది మామూలు మనుషులన్నాడు. ఏది నిలుస్తుందో పద్యంలోకి వెళ్లి చూడాలి. ఉప్పు చెడ్డదని ఏ మాటా అనడం లేదు, అన్నది 'వేరు' అని మాత్రమే. అయితే 'పుణ్య' అన్న మాట తూకాన్ని ఒకవైపుకు మొగ్గిస్తోంది. అంటే రెండో అబ్బాయి మాటకు బలం ఎక్కువ, మొదటివాడి మాటలోనూ కొంత ఆధారం ఉంది. ఇలా తేల్చే పద్ధతే కోర్సులో లేదు. దిద్దడానికి ఇచ్చిన మార్కుల పట్టికలో 'సొంత అభిప్రాయం' అనే గడి ఉంది, 'పద్యంలో ఆధారం' అనే గడి లేదు.

ఇంకో పాఠంలో ప్రతిపదార్థాన్ని పాతకాలపు పద్ధతిగా తీసిపారేశారు. దీన్ని నేను ఒప్పుకోను. కోర్సులో కవి పేరు చెప్పకుండా కవిత ఇచ్చే అభ్యాసం ఒకటి ఉంది. దాన్ని వీళ్లు ఇంగ్లిష్ విమర్శకుడు ఐ. ఎ. రిచర్డ్స్ నుంచే తీసుకున్నారు. ఆయన కేంబ్రిడ్జిలో పేర్లు లేని కవితలిచ్చి విద్యార్థుల చేత స్పందనలు రాయించి, 1929లో ఫలితాలు పుస్తకంగా వేశాడు. అందులో ఆయన చెప్పిన ఇబ్బందుల జాబితాలో మొట్టమొదటిది, మామూలు అర్థమే పట్టుకోలేకపోవడం. అంత చదువుకున్నవాళ్లే అక్కడ తడబడితే, 'జాడ' అంటే ఏమిటో తెలియని పిల్లవాడు వ్యాఖ్యానం ఎలా చేస్తాడు? ప్రతిపదార్థం ఉండాలి, పాఠం అక్కడితో ఆగిపోకూడదు.

వ్యాఖ్యానాన్ని ఆధారంతో తేల్చే పద్ధతి లేదన్నానే, ఆ లోటు పూడ్చే సామగ్రి మన దగ్గరే ఉంది. తొమ్మిదో శతాబ్దంలో సంస్కృత కావ్యశాస్త్రకారుడు ఆనందవర్ధనుడు ధ్వని గురించి, అంటే పైకి చెప్పకుండా స్ఫురించే అర్థం గురించి చెప్పిందీ, ఆలంకారికులు (కావ్యశాస్త్రం రాసినవాళ్లు) మాట అర్థమిచ్చే తీరును అభిధ, లక్షణ, వ్యంజన అని చేసిన విభజనా క్లాసుకు చక్కగా సరిపోతాయి. 'గంగలో గొల్లపల్లె' అన్న పాత ఉదాహరణే చూడండి. నీళ్లలో పల్లె ఉండదు కాబట్టి గంగ ఒడ్డున అని తీసుకుంటాం. ఒడ్డున అని నేరుగా అనకుండా గంగలో అన్నందువల్ల చల్లదనం, పవిత్రత స్ఫురిస్తాయి. ముందు మాటకున్న అర్థం (అభిధ), అది పొసగనిచోట ఇంకో అర్థం (లక్షణ), ఆ తర్వాతే స్ఫురించేది (వ్యంజన). ఈ వరస తెలిసిన పిల్లలకు 'నువ్వన్నది ఏ మాట నుంచి వచ్చింది?' అని అడిగితే సరిపోతుంది. కోర్సులో దీని ఊసే లేదు. ఛందస్సుకూ ఒక చిన్న వీడియోతో సరిపెట్టారు. లయ అర్థాన్ని ఎలా మోస్తుందో చూపించనే లేదు.

మిగతావి మామూలే. వీడియోలు స్పష్టంగా ఉన్నాయి, లైవ్ క్లాసుల్లో ప్రశ్నలడగడానికి టైమ్ చాలదు. వర్క్‌షీట్లలో గడులు మరీ ఎక్కువ. పిల్లలు పద్యం వదిలేసి గడులు నింపే టెన్షన్‌లో పడతారు. నేను వాటిని పక్కన పెట్టి, పద్యం చుట్టూ ఖాళీ వదిలిన తెల్లకాగితం ఇస్తున్నాను.

కొత్తగా ఉద్యోగంలో చేరిన భాషా టీచర్లు తప్పక తీసుకోండి. అనుభవం ఉన్నవాళ్లకు మొదటి సగం చాలు. నిర్వాహకులను కోరేది ఒకటి: ఒకే కవిత మీద పిల్లలు రాసిన నాలుగైదు జవాబులు పక్కపక్కన పెట్టి, ఏది ఎందుకు నిలుస్తుందో, ఏది ఎక్కడ పద్యాన్ని దాటిపోయిందో దిద్ది చూపే పాఠం ఒకటి చేర్చండి.