లినక్స్ కమాండ్లు నేర్చుకోవడానికి రాస్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ ఎలా ఉంది?

2021 అక్టోబరులో వచ్చిన ఈ బుల్లి కంప్యూటర్ బోర్డు 65 × 30 మిల్లీమీటర్లే. నాలుగు కోర్ల ప్రాసెసర్, 512 ఎంబీ ర్యామ్. మానిటర్ తగిలించి డెస్క్‌టాప్‌లా వాడదామనుకుంటే మాత్రం కొనకండి, బ్రౌజర్ తెరవగానే ర్యామ్ చాలదు. ఎస్‌ఎస్‌హెచ్‌తో, అంటే వేరే కంప్యూటర్ నుంచి నెట్‌వర్క్ ద్వారా, లోపలికి వెళ్లి కమాండ్లు నేర్చుకోవడానికైతే భేషుగ్గా ఉంటుంది. మౌస్ ఉండదు కాబట్టి ఫైలు పేరు మార్చాలన్నా కమాండే దిక్కు. చేయి తిరగడానికి అదే మంచి మార్గం.

16 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డు చాలు. కార్డు మీద ఆపరేటింగ్ సిస్టమ్ రాసే రాస్‌బెర్రీ పై ఇమేజర్‌లో డెస్క్‌టాప్ లేని లైట్ వెర్షన్ ఎంచుకుని, కార్డు మీద రాయకముందే హోస్ట్‌నేమ్ (నెట్‌వర్క్‌లో బోర్డు పేరు), యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వైఫై వివరాలు, దేశం నింపి ఎస్‌ఎస్‌హెచ్ ఆన్ చేయండి. పాత వీడియోల్లో చూపించే డిఫాల్ట్ లాగిన్ 2022 ఏప్రిల్‌లోనే తీసేశారు. ఈ బోర్డు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటుంది. 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ పేరు ఇస్తే ఎంతసేపు చూసినా కనెక్ట్ కాదు.

మొదటిసారి బూట్ కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, తొందరపడి ప్లగ్ పీకొద్దు. తర్వాత మీ కంప్యూటర్ టెర్మినల్‌లో ఎస్‌ఎస్‌హెచ్ అని కొట్టి, యూజర్‌నేమ్, ఎట్ గుర్తు, హోస్ట్‌నేమ్, చివర డాట్ లోకల్ ఇవ్వండి. పేరు దొరకలేదంటే రౌటర్ పేజీలో ఐపీ అడ్రస్ చూసి అదే వాడండి. పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద చుక్కలు కూడా రావు, కంగారు అక్కర్లేదు. కార్డు మళ్లీ రాస్తే హోస్ట్ కీ (మీ కంప్యూటర్ బోర్డును గుర్తుపట్టే కీ) మారిందని పెద్ద హెచ్చరిక వస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ -ఆర్ (పెద్ద అక్షరం) పక్కన లాగిన్‌కు వాడిన పేరే డాట్ లోకల్‌తో సహా ఇచ్చి పాత కీ తీసేస్తే సరి.

పీడబ్ల్యూడీ (ఏ ఫోల్డరులో ఉన్నామో చూడటం), సీడీ (ఫోల్డరు మారడం), ఎల్‌ఎస్ -ఎల్‌ఏ (ఫైళ్ల జాబితా) అలవాటయ్యాక పాస్‌వర్డ్ లేకుండా కీతో లాగిన్ పెట్టుకోండి. పర్మిషన్లు అర్థం కావడానికి ఇంతకన్నా మంచి అభ్యాసం లేదు. బోర్డులో మీ కీ ఉండే డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డరులో ఇతరులు రాయగలిగేలా ఉంటే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ మీ కీని పట్టించుకోదు, మళ్లీ పాస్‌వర్డే అడుగుతుంది. సూడో (అడ్మిన్ హక్కులతో నడపడం) జర్నల్‌సీటీఎల్ -యూ ఎస్‌ఎస్‌హెచ్ కొడితే కారణం లాగ్‌లో కనిపిస్తుంది. పర్మిషన్లు మార్చే సీహెచ్‌మోడ్‌తో ఫోల్డరుకు 700, లోపలి ఆథరైజ్డ్ కీస్ ఫైలుకు 600 ఇస్తే తలుపు తెరుచుకుంటుంది.

వైఫై తెగితే నడుస్తున్న అప్‌డేట్ మధ్యలో ఆగిపోవచ్చు. అందుకే ముందుగా సూడో ఆప్ట్ ఇన్‌స్టాల్ టీమక్స్ కొట్టండి, కనెక్షన్ తెగినా టీమక్స్‌లో పని నడుస్తూనే ఉంటుంది. పెద్ద పనులన్నీ అందులోనే నడపండి. తిరిగొచ్చాక టీమక్స్ అటాచ్ అంటే వదిలిన చోటే ఉంటారు.

బలహీనతలు రెండు. వీఎస్ కోడ్ ఎడిటర్ రిమోట్ ఎక్స్‌టెన్షన్ ఈ ర్యామ్‌ను మింగేస్తుంది, టెర్మినల్‌లోనే నడిచే నానో ఎడిటర్‌తో సరిపెట్టుకోవాలి. రెండోది పవర్: 5 వోల్టులు, 2.5 ఆంపియర్ల అడాప్టర్ వాడండి. నాసిరకం కేబుల్‌తో వోల్టేజ్ పడిపోయి ఉన్నట్టుండి రీబూట్ అవుతుంది. పవర్ సరిగా అందుతోందో చూపే వీసీజెన్‌కమాండ్ గెట్_థ్రాటిల్డ్ ఫలితం 0ఎక్స్0 అయితే బాగున్నట్టు. 0ఎక్స్50000 అయితే బూట్ అయ్యాక ఎప్పుడో వోల్టేజ్ తగ్గి వేగం కూడా తగ్గించుకుందన్నమాట. ఆపేటప్పుడు సూడో పవరాఫ్ కొట్టి, పచ్చ లైటు పూర్తిగా ఆరాకే ప్లగ్ తీయండి. కార్డు రాస్తుండగా కరెంటు పోతే ఫైల్‌సిస్టమ్ పాడవుతుంది.

పిన్నులు సోల్డర్ చేసి వచ్చే రకమూ ఉంది. కమాండ్ల కోసమే అయితే అది అవసరం లేదు.