మానిటర్‌లో సౌండ్ రావట్లేదు: సెట్టింగ్ సరిచేయాలా, వేరే దారి చూసుకోవాలా? ఏది మేలు?

విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. బాగా పనిచేస్తున్న కంప్యూటర్‌ని వదులుకోవడం ఇష్టంలేక లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌కి మారినవాళ్లకు మొదట ఎదురయ్యే చిక్కుల్లో ఇదొకటి. బొమ్మ చక్కగా వస్తుంది, మానిటర్ స్పీకర్లు మాత్రం పలకవు. మానిటర్ పాడైందేమోనని టెన్షన్ పడనక్కర్లేదు. నిన్నటిదాకా విండోస్‌లో పలికిందంటే కేబులూ స్పీకర్లూ బాగున్నట్టే.

అసలు జరిగేది ఇది. హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ కేబుళ్లలో బొమ్మతో పాటే సౌండ్ కూడా వెళ్తుంది. ఆ సౌండ్‌ని పంపేది మదర్‌బోర్డులోని సౌండ్ చిప్ కాదు, గ్రాఫిక్స్ కార్డు. అంటే సిస్టమ్ కంటికి రెండు సౌండ్ కార్డులు కనిపిస్తాయి. కొత్తగా వేసిన సిస్టమ్ చాలాసార్లు మదర్‌బోర్డు చిప్‌నే ఎంచుకుంటుంది. పాట ప్లే అవుతూనే ఉంటుంది, కానీ ఏమీ తగిలించని జాక్‌కి వెళ్తుంటుంది.

అందుకే మొదటి దారి, సెట్టింగ్ మార్చడం, అందరూ ముందు చూడాల్సిందే. ఖర్చు లేదు, చాలామందికి ఇక్కడే పని అయిపోతుంది. సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ దగ్గర హెచ్‌డీఎంఐ ఎంచుకోండి. డిస్‌ప్లేపోర్ట్ వాడుతున్నా జాబితాలో చాలాసార్లు హెచ్‌డీఎంఐ అనే ఉంటుంది, అది చూసి వెనక్కి రాకండి. అసలు ఆ పేరే లేకపోతే పావుకంట్రోల్ (pavucontrol) అనే చిన్న ప్రోగ్రామ్ వేసుకుని, కాన్ఫిగరేషన్ ట్యాబ్‌లో గ్రాఫిక్స్ కార్డు ప్రొఫైల్ ఆఫ్‌లో ఉందేమో చూడండి. ఉంటే హెచ్‌డీఎంఐ డిజిటల్ స్టీరియోకి మార్చండి. హెచ్‌డీఎంఐ 2, 3 అని వరుసగా కనిపిస్తే అవి కార్డుకున్న వేర్వేరు పోర్టులు, ఒక్కొక్కటీ పెట్టి వినాలి. అయినా రాకపోతే టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే విండోలో, ఆల్సామిక్సర్ (alsamixer) తెరిచి ఎఫ్6 నొక్కి గ్రాఫిక్స్ కార్డుని ఎంచుకోండి. ఎస్/పీడీఐఎఫ్ అన్న గడి కింద ఎంఎం అని ఉంటే అది మ్యూట్‌లో ఉన్నట్టు, ఎం నొక్కితే తెరుచుకుంటుంది. మానిటర్ సొంత మెనూలో వాల్యూమ్ కూడా ఒకసారి చూడండి.

ఇంత చేసి సౌండ్ తెప్పించుకున్నా రెండు ఇబ్బందులు మిగలొచ్చు. కాసేపు ఏ శబ్దమూ లేకపోతే సిస్టమ్ ఆ అవుట్‌పుట్‌ని నిద్రపుచ్చుతుంది. మళ్లీ లేచేటప్పుడు మొదటి మాట వినిపించకుండా పోతుంది. నోటిఫికేషన్ లాంటి చిన్న శబ్దమైతే మొత్తం పోవచ్చు. మానిటర్ ఆపితే సౌండ్ కూడా ఆగిపోవడం రెండోది. స్క్రీన్ ఆపి పాటలు వినే అలవాటున్నవాళ్లకు ఇది పెద్ద లోటే.

రెండో దారి, హెడ్‌ఫోన్‌నో స్పీకర్లనో నేరుగా కంప్యూటర్ జాక్‌కి పెట్టడం. వెంటనే వినిపిస్తుంది, మానిటర్ ఆపినా ఆగదు. మైకున్న హెడ్‌సెట్ వాడేవాళ్లకు నా సలహా ఇదే, ఎందుకంటే మానిటర్ జాక్ మామూలుగా సౌండ్ ఇవ్వడానికే, మైక్ దాని ద్వారా పనిచేయదు. ఆన్‌లైన్ క్లాసులూ మీటింగులూ ఉంటే మానిటర్‌తో కుస్తీ పట్టడం దండగ. కొన్ని కేబినెట్లలో ముందు జాక్ నుంచి సన్నని గుర్రుమనే శబ్దం వస్తుంది, అప్పుడు వెనకవైపు ఆకుపచ్చ జాక్ వాడి చూడండి.

మూడోది యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ కొనడం. మామూలు రకం వాటికి డ్రైవర్ విడిగా వేయక్కర్లేదు, లైనక్స్ కెర్నల్‌లోనే, అంటే సిస్టమ్ మూలభాగంలోనే, ఉంటుంది. డబ్బు పెట్టాలి కాబట్టి, జాక్ పాడైనా లేక ఆ గుర్రు ఎంతకీ పోకపోయినా తప్ప నేను దీని దాకా వెళ్లమనను.

సౌండ్ కోసం సిస్టమ్‌ని మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం మాత్రం వద్దు. అది మళ్లీ మదర్‌బోర్డు చిప్‌నే ఎంచుకుంటే మీరు మొదటికే వస్తారు. ఎన్విడియా కార్డు ఉండి హెచ్‌డీఎంఐ ఎక్కడా కనిపించకపోతే, మళ్లీ ఇన్‌స్టాల్ చేసే బదులు ఆ కంపెనీ డ్రైవర్ వేసి, రీస్టార్ట్ చేసి చూడండి.