గది కాదు, పొట్లం మీద పేరు చూడండి

మోకాళ్ల నొప్పులకు మూలికా వైద్యం చేయిద్దామని అక్కకి తోడుగా వెళ్లి రెండు చికిత్సా కేంద్రాల్లో ఉండి వచ్చాను. రెండూ అక్కడే బస చేసి మందు తీసుకునేవే.

మొదటిది కంటికి ఇంపుగా ఉంది. చుట్టూ తోట, శుభ్రమైన గదులు, మర్యాదగా మాట్లాడే సిబ్బంది. మోకాళ్లు అరిగిన మనిషికి లిఫ్టు లేని పై అంతస్తులో గది ఇచ్చారు గానీ, అడగ్గానే కిందకి మార్చారు. చిక్కంతా మందుల దగ్గరే. వైద్యుడు నాడి చూశారు, నిద్ర గురించి, ఆకలి గురించి అడిగారు. బీపీ మాత్రలు వేసుకుంటున్నారా అని మాత్రం అడగలేదు. చూర్ణం పొట్లాల మీద పెన్నుతో 'ఉదయం', 'రాత్రి' అని రాసుంది, అంతే. ఇందులో ఏముందండీ అంటే, "అంతా సహజమే, సైడ్ ఎఫెక్టులు ఉండవు" అన్నారు. అతిమధురం కూడా సహజమే మరి. ఎక్కువ మోతాదులో చాలా రోజులు వాడితే పొటాషియం పడిపోయి బీపీ పెరుగుతుంది.

రెండోచోట వసతి అంతంతమాత్రం. గీజరు మొరాయించేది, దుప్పట్లు వెలిసిపోయాయి. కానీ వెళ్లగానే, "వేసుకునే మాత్రలన్నీ చీటీలతో సహా బల్ల మీద పెట్టండమ్మా" అన్నారు. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడుతున్న ఒకాయన్ని ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే పరీక్ష) రిపోర్టు తెస్తేనే మందు రాస్తామని తిప్పి పంపారు. ఆయన విసుక్కున్నాడు గానీ, నాకు ఆ చోటు మీద గురి కుదిరింది అప్పుడే.

ప్రతి డబ్బా మీదా మొక్క శాస్త్రీయ నామం, బ్యాచ్ నంబరు ఉన్నాయి. ఇది చాదస్తం కాదు. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే మందులో ఒక మూలికకు బదులు అరిస్టొలోకియా జాతి మొక్క కలిసి, ఎంతోమంది ఆడవాళ్ల కిడ్నీలు పాడయ్యాయి. కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సరూ వచ్చింది. అక్కకి అశ్వగంధ ఇచ్చేముందు లివర్ పరీక్ష చేయించారు. అశ్వగంధ, తిప్పతీగ వాడినవాళ్లలో కొందరికి లివర్ దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి కదా. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా వెంటనే మందు ఆపేసి రమ్మన్నారు.

భోజనాల దగ్గర తోటి రోగులు చెప్పేవన్నీ నయమైన కథలే. తగ్గనివాళ్లు మళ్లీ రారు కాబట్టి వాళ్ల మాట అక్కడ వినపడదు. అక్కకి నొప్పి కొంత తగ్గిన మాట నిజమే. అది కషాయం వల్లో, రోజూ చేయించిన వ్యాయామం వల్లో, పనికి దూరంగా ఉన్నందువల్లో విడదీసి చెప్పలేను.

వచ్చేటప్పుడు మొదటివాళ్లు పేరులేని పొట్లాలే మరిన్ని చేతిలో పెట్టారు. రెండోవాళ్లు మందులు, మోతాదులు టైపు చేసిన కాగితం ఇచ్చి, ఏదైనా ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టరుకి ముందే చూపించమన్నారు. ఆ కాగితం చూసి మా డాక్టరు ఒక చూర్ణం ఆపించారు. మళ్లీ వెళ్తే రెండోదానికే, గీజరు బాగుచేయించారో లేదో ఫోన్ చేసి కనుక్కుని మరీ.